మెట్ల దగ్గర తడి గచ్చు

“నోరు తెరువు. ఇంకా. మింగాక మాట్లాడొచ్చు.”

ఇంట్లో అత్తగారుంటే ఎలాగో సర్దుకుపోవచ్చు. ఆ అత్తగారు రిటైరైన హెడ్ నర్సయితే మాత్రం కష్టం. కోడలి కుడి చెయ్యి కట్టులోకి వెళ్లి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజులూ ఆవిడ చెంచాతో తినిపించారు, జడ వేశారు, లేని జ్వరాన్ని పూటపూటా చూసి క్యాలెండరు మీద రాశారు. కన్న కొడుక్కి పుట్టినప్పటినుంచి ఇంత సేవ జరగలేదు. “నాక్కూడా ఓ చెయ్యి విరిగితే బాగుండు,” అని అతను పొద్దున డ్యూటీకి వెళ్తూ అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తలుపు తట్టి ఆసుపత్రి గుమాస్తా లోపలికి వచ్చాడు. కోడలు పనిచేసేదీ, అత్తగారు పనిచేసి దిగిపోయిందీ ఆ ఆసుపత్రిలోనే.

“సిస్టర్, ఇవాళే ఆఖరు రోజు. పన్నెండులోపు సంజాయిషీ అందకపోతే ఈ తొమ్మిది రోజులూ చెప్పకుండా మానేసినట్టు రాస్తారట.”

“అక్కడే కదా నాకు కట్టు కట్టింది?”

“కట్టు కట్టినాయన వేరు, కాగితం అడిగినాయన వేరు.” గుమాస్తా సంచిలోంచి ఒక జెరాక్సు తీశాడు. “నమూనా తెచ్చాను. చూసి రాసేస్తే అయిపోతుంది.”

ఆ నమూనా కోడలికి కొత్తేమీ కాదు. పనిలో దెబ్బ తగిలిన ప్రతివాళ్లూ దాన్ని చూసి రాసిచ్చినవాళ్లే. జెరాక్సుకి జెరాక్సు తీసి తీసి అక్షరాలు పాలిపోయాయి. ‘మెట్ల దగ్గర గచ్చు తడిగా ఉండగా, నా ఏమరుపాటు వల్ల జారిపడ్డాను.’ ఆ మెట్లు పగలగొట్టి ర్యాంపు కట్టి పదకొండేళ్లయింది. అయినా రోగుల చేత కరిపించుకున్నవాళ్లూ, తన్నించుకున్నవాళ్లూ అందరూ ఇప్పటికీ ఆ మెట్ల దగ్గరే జారుతున్నారు.

“నేను జారలేదు,” అంది కోడలు. గొంతులో కోపం కూడా లేదు. ఇంకెవరి కేసు షీటో చదువుతున్నట్టుంది. “ఏడో మంచం ముసలాయనకి ఆపరేషన్ మత్తు దిగలేదు. నేను దొంగలా కనిపించాను పాపం. చెయ్యి పట్టుకుని మంచం కమ్మీల మధ్య మెలిపెట్టాడు. మర్నాడు నన్ను చూసి, ఎవరమ్మా నిన్నిలా కొట్టిందని అడిగాడు కూడా. ఇరవై రెండు మంచాలకి నేనొక్కదాన్నే. రెండో మనిషిని వెయ్యమని మూడుసార్లు రాసిచ్చాను.”

“నిజమే సిస్టర్. కానీ నేను గుమాస్తాని.”

“వేళ్లు పూర్తిగా ముడవకపోవచ్చన్నాడు ఎముకల డాక్టరు. సూది పట్టలేని నర్సుని ఏం చేసుకుంటారు? డ్యూటీలో రోగి వల్ల తగిలిందని ఉంటే కూర్చునే పనైనా ఇవ్వాలి. నా అంతట నేనే జారానని ఉంటే, సెలవులవగానే ఇంటికి పంపేస్తారు.”

“మా రోజుల్లో అలా ఎవరినీ పంపలేదు,” అన్నారు అత్తగారు గిన్నె పక్కన పెడుతూ. “కాగితం ఇచ్చినవాళ్లని ఆసుపత్రే చూసుకునేది. రాసిచ్చెయ్యి. పైవాళ్లతో మనకెందుకు?”

“ఆడవాళ్ల వార్డు ఆయా సంగతేంటత్తయ్యా?”

“తనే మానేసింది.”

“నడుము విరిగాక.”

అత్తగారు చెంచా పట్టుకుని లోపలికి వెళ్లారు. ఒక్క చెంచా కడగడానికి చాలాసేపు పట్టింది.

“ఏ మహానుభావుడు రాశాడో గానీ ఇంతమందికి సరిపోయింది,” అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి. “ఎవరో పాత మేనేజరంటారు. ఆయన పోయి కూడా చాలా కాలమైందట.”

“ఆయనెక్కడ జారాడో.”

గుమాస్తా గడియారం చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. అదే చిక్కు. అరుద్దామన్నా ఎదురుగా అరవదగ్గ మనిషి లేడు. కోడలికి వాదించే ఓపిక అయిపోయింది.

“అత్తయ్యా, మీరే రాసిపెట్టండి. ఎడమ చేత్తో వేలిముద్ర వేస్తాను.”

అత్తగారు వచ్చి, చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు. గుమాస్తా నమూనా చదువుతుంటే ఆవిడ రాస్తున్నారు. కలం అతని గొంతుకంటే ముందే పోతోంది. హెడ్ నర్సుగా ఇలాంటివి ఎన్ని తీసుకుని ఫైల్లో పెట్టి ఉంటారో, అనుకుంది కోడలు.

“ఇక్కడ మడత దగ్గర ఒక లైను చెరిగిపోయిందండీ, పెద్ద సిస్టరుగారూ. ఎవరికీ కనపడదు. వదిలేసి కిందిది రాయండి.”

ఆవిడ వదల్లేదు. రాశారు.

“ఏం రాశారత్తయ్యా?”

ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివారు. “‘నా మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.’”

కోడలి వేళ్లు కట్టులోంచి నీలంగా వాచి బయటికి కనిపిస్తున్నాయి. తొమ్మిది రోజులుగా పూటపూటా చూస్తున్న వేళ్లే. అత్తగారు వాటిని మళ్లీ చూశారు.

“ముడువు,” అన్నారు.

కోడలు ముడిచింది. చూపుడు వేలు కదల్లేదు.

అత్తగారు రాసిన కాగితాన్ని నిలువునా చింపి, ఇంకోటి తీసుకున్నారు. ఈసారి ఎవరూ చదివి చెప్పలేదు. ‘మత్తులో ఉన్న రోగి నా చెయ్యి విరిచాడు. అందులో అతని తప్పు లేదు, నా తప్పూ లేదు. ఇరవై రెండు మంచాలకి ఒక్క మనిషిని పెట్టిన ఆసుపత్రిదే బాధ్యత.’ అని రాసి, కోడలి ఎడమ బొటనవేలు తనే సిరాలో అద్ది ముద్ర వేయించారు.

గుమాస్తా ఆ కాగితాన్ని వేడి గిన్నెలా అంచు పట్టుకుని అందుకున్నాడు.

“ఇది ఎవరు రాశారని నన్ను నిలదీస్తారండీ. ఏం చెప్పమంటారు?”

అత్తగారు కలానికి మూత పెట్టారు.

“ఆ పాత కాగితం రాసినావిడే, అప్పుడు తప్పు రాశానంది అని చెప్పు.”