అమ్మ రాసే ‘త’

పలాసలో జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, ఆ జీడి రసానికి అమ్మ వేలిముద్రలు ఎప్పుడో చెరిగిపోయాయి. అందుకే సంతకం కోసం ఒక్క అక్షరం నేర్చుకుంది. తవిటమ్మకు ‘త’. ఇన్నేళ్లూ అందరూ దాన్నే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆసుపత్రిలో మనుషులు లేరు. గోడలో మందుల పెట్టె ఉంది. రోగి తన చేత్తో దాని అద్దం మీద పేరు రాస్తేనే షుగరు ఇంజెక్షను ఇస్తుంది. నేను రాస్తే వేరే చెయ్యని పసిగడుతుంది.

అమ్మ ‘త’ రాసింది.

“ఇది అక్షరం. పేరు రాయండి,” అంది పెట్టె.

“నా పేరదే తల్లీ,” అని అమ్మ నా వైపు తిరిగింది. “ఏటే పిల్లా, దీనికి సదువు రాదేటి?”

నేను కాలేజీలో చదివింది ఇదే. యంత్రానికి విడి అక్షరం వేరు, అక్షరాల వరస వేరు. పేరంటే వరస. ప్రోగ్రాంలో ఆ ‘త’కు అటూ ఇటూ జంట కొటేషను గుర్తులు పెడితే, ఒక్క అక్షరమైనా వరస కిందే లెక్క. కానీ ఆ ప్రోగ్రాం ఎవరి దగ్గరుందో, ఎవరినడగాలో ఇక్కడ చెప్పేవాళ్లు లేరు.

‘వి’ నేర్పబోయాను. నిన్నటి నుంచి మందు లేక అమ్మకు చూపు మసకేసింది, వంపు తిరగలేదు. విసుగొచ్చి అద్దం నిండా తనకు వచ్చిందే రాసేసింది: తతతత.

“నమస్కారం, తతతత గారూ,” అంది పెట్టె.

అమ్మ ముఖం విప్పారింది. “గారని పిలిసిందే పిల్లా!”

“ఈ పేరుతో ఇక్కడ రోగులెవరూ లేరు.”

అద్దం ఆరిపోయింది. మందు పడుతుందని అమ్మ ఇంకా దోసిలి పట్టే ఉంది.