ఇద్దరికీ ఒక్కటే పాట

అందరి చెవుల్లోకీ పాటలు వినిపించే పూసలు వచ్చాక హైమవతికి పని పోయింది. ఏ పాటనైనా ఎవరికి నచ్చినట్టు వాళ్లకు ఆ చెవిపూసే కలిపి వినిపిస్తుంటే, గొంతునీ వాద్యాలనీ పాళ్లు చూసి కలిపే మనిషితో ఎవరికి అవసరం? అయినా ఆమె పట్టు వదలలేదు. వికారాబాద్ అవతల కందిచేల మధ్య మందపాటి మట్టిగోడలతో స్టూడియో కట్టించింది.

గోడలు ఆరాక, వాటిని కట్టిన మేస్త్రి అంజిలప్పనీ, అతని భార్య బుగ్గమ్మనీ లోపల కూర్చోబెట్టి పూసలు తీసేయమంది.

"తీస్తే ఏమన్న ఇనబడ్తదా మేడం? నేను పండుకున్నప్పుడు గూడ తియ్య" అంది బుగ్గమ్మ భయంగా.

"పాట వినబడుతుంది. ఇద్దరికీ ఒక్కటే."

పైకి అలా అన్నా హైమవతికి నమ్మకం లేదు. తమ ఒక్కరి కోసమే తయారుకాని పాట ఈ రోజుల్లో ఎవరికైనా రుచిస్తుందా? రుచించకపోతే ఈ గదిలో కందులు పోసుకోవాల్సిందే.

హైమవతి తాను కలిపిన పాటను స్పీకర్లలో పెట్టింది. అంజిలప్ప మొహం చిట్లించాడు. బుగ్గమ్మ కొంగు నలుపుతూ కూర్చుంది. రెండో చరణం దాటి, డప్పులు సద్దుమణిగి, సన్నగా వేణువొక్కటే మిగిలిన చోట ఇద్దరూ ఒకేసారి తల తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు.

"నీకు గూడ గీడనే గుండె జల్లుమన్నదా?" అన్నాడు అంజిలప్ప.

"అవ్" అంది బుగ్గమ్మ కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "పెండ్లయి ఇన్నేండ్లకు ఇద్దరం ఒక్కటే పాట ఇన్నం."

అప్పుడు గానీ హైమవతి కుర్చీలో వెనక్కి వాలలేదు.

"మల్లొక్కసారి పెట్టు మేడం" అన్నాడు అంజిలప్ప, భార్య పక్కకు జరిగి కూర్చుంటూ.