ఐదో శనివారం ఆట

“చెయ్యి పైకెత్తు,” అన్నాడు డాక్టర్ దత్తాత్రేయ.

లెస్టర్ కుడిచెయ్యి భుజం ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. పళ్ళు బిగించి ఇంకో నాలుగంగుళాలు లేపాడు. నుదుట చెమట పట్టింది.

1981 సెప్టెంబరు, సోమవారం ఉదయం. మార్లో బేస్‌బాల్ జట్టుకి లెస్టర్ పిచర్. బ్యాటర్‌కి బంతి విసరడం అతని పని, ఆ విసురు మీదే జట్టంతా ఆధారపడింది. నలభై ఏళ్ళలో మార్లో మొదటిసారి కౌంటీ లీగ్ ఫైనల్‌కి వచ్చింది. ఎదుటివాళ్ళు ఊళ్ళోని ఫైర్ స్టేషన్ జట్టు. ఐదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళదే కప్పు. శనివారానికొక ఆట, అన్నీ మార్లో మైదానంలోనే.

మొదటి ఆటలో లెస్టర్ పదకొండు మందిని బంతి తగలనివ్వకుండా ఔట్ చేసి గెలిపించాడు. రెండో ఆట ఒక్క పరుగుతో చేజారింది. మూడో ఆట సగంలో అతని భుజం పట్టేసింది. అతను బయటికొచ్చాక ఫైర్ స్టేషన్ వాళ్ళు తొమ్మిది పరుగులు బాదారు. నాలుగోది మార్లోవాళ్ళు అతను లేకుండానే ఎలాగో గట్టెక్కారు. రెండుకి రెండు.

నెల రోజులు బంతి ముట్టుకోవద్దని చెప్పాడు డాక్టర్. అయినా శనివారానికి నువ్వుండవుగా, బుధవారమే కదా ప్రయాణం అన్నాడు.

లెస్టర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ప్రయాణం మానుకున్నానని చెప్పాడు.

పియోరియాలో లెస్టర్ అక్క అతని కోసం గది సిద్ధం చేసింది. బేకరీలో పని కూడా మాట్లాడిపెట్టింది. కాగితాలు వచ్చేశాయి, అతను సంతకం పెట్టడమే తరువాయి. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఫిబ్రవరి దాకా ఎవరూ ఆ ఫైలు తెరవరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“ఒక్క ఆట కోసమా?”

“స్కూలు మధ్యలో వదిలేశాను డాక్. మిలిటరీ మధ్యలో వదిలేశాను. పెళ్ళీ అంతే. ఇదొక్కటైనా చివరిదాకా ఉండి చూస్తాను. వాల్టర్‌కి మాటిచ్చాను.”

వాల్టర్ బ్యాటర్ వెనక కూర్చుని లెస్టర్ బంతులు పట్టేవాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు, మార్లోకి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. లెస్టర్‌కి బంతి పట్టుకునే తీరు నేర్పింది అతనే. మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఏడాది ఆడలేడు.

సాయంత్రం అరోరాలో ఇంటికి చేరాక దత్తాత్రేయ ఈ సంగతి భార్యతో చెప్పాడు.

“మీరు గట్టిగా చెప్పలేకపోయారా?” అంది మీనాక్షి. “పాపం, వాళ్ళక్క ఎంత ఎదురుచూస్తోందో. ఆవిడ చేత ఫోన్ చేయించండి.”

“చేయించాను. ఆవిడ ఏడ్చింది. వీడు కదల్లేదు.”

మంగళవారం డాక్టర్ మళ్ళీ నచ్చజెప్పాడు. బుధవారం సూపరింటెండెంట్ స్వయంగా పిలిచి, కాగితం ముందుపెట్టి, పెన్ను చేతికిచ్చాడు. లెస్టర్ పెన్ను బల్ల మీద పెట్టేసి, నమస్కారంగా తల వంచి బయటికొచ్చాడు.

ఇక వాదించి లాభం లేదనుకున్నాడు దత్తాత్రేయ. మిగిలిన రెండు రోజులూ పొద్దునా సాయంత్రం ఆ భుజానికి వేడి కాపడం పెట్టాడు, మర్దన చేయించాడు, అంగుళం అంగుళంగా చెయ్యి లేపించాడు. లెస్టర్ ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

శనివారం మైదానం చుట్టూ ఆరువందల మంది మగవాళ్ళు నిలబడ్డారు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరోదాని నుంచి లెస్టర్ బంతుల వేగం తగ్గింది. వేగం లేనప్పుడు ఒడుపుతో నెగ్గుకురావాలని వాల్టర్ నేర్పిందే పనికొచ్చింది. బంతి ఎక్కడ పడాలో వాల్టర్ చేతి తొడుగు చూపించేది, సరిగ్గా అక్కడే పడేది.

ఆఖరి ఇన్నింగ్స్. మార్లో ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్కడు ఔట్ కావాలి. ఎదురుగా ఫైర్ స్టేషన్ కెప్టెన్, కొడితే కంచె దాటించే మనిషి. మొదటి రెండు బంతులకీ అతని బ్యాటు గాలిలోనే తిరిగింది. మూడోసారి తప్పితే ఆట అయిపోతుంది. లెస్టర్ చెయ్యి లేవడం లేదు. ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని ఒకసారి పైకి సాగదీసుకున్నాడు. ఊపిరి బిగబట్టి విసిరాడు.

బంతి నెమ్మదిగా వచ్చింది. కెప్టెన్ తొందరపడ్డాడు. బ్యాటు తిరిగిపోయాక బంతి వాల్టర్ తొడుగులో చేరింది.

వాల్టర్ ఉన్నచోటే కూలబడి, ఆ బంతిని రెండు చేతుల్తో గుండెకి అదుముకున్నాడు. ఫైర్ స్టేషన్ వాళ్ళు అందరితో చేతులు కలిపి బస్సెక్కి వెళ్ళిపోయారు.

దత్తాత్రేయ లెస్టర్ భుజానికి మంచుగడ్డల సంచి కట్టాడు.

“బాధగా లేదా?”

“భుజమా?”

“భుజం సంగతి కాదు.”

లెస్టర్ వాల్టర్ వైపు చూశాడు. “ఫిబ్రవరి ఎంతలో వస్తుంది డాక్,” అన్నాడు.

బుధవారం అతను వద్దన్నది మార్లో జైలు నుంచి విడుదల.