బోరింగ్ దొంగ

తెల్లారి చూస్తే తండాలో బోరింగుకు హ్యాండిల్ లేదు.

జమునా బిందె నేలకేసి కొట్టింది. "ఎవని చేతులు ఇరిగిపోను! కడుపుతోని ఉన్న పిల్లకు నీళ్లు ఏడికెల్లి తేవాలె?"

కూతురు నీలాకు ఏడో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ పాలిపోతోంది, పెదాలు నల్లబడుతున్నాయి. నీళ్లు బాగా తాగితే తేరుకుంటుందని జమునా చెంబు మీద చెంబు తాగిస్తోంది. బోరింగు కాకపోతే వేములపల్లి కాల్వే గతి. అది రెండు కోసుల అవతల.

గుట్ట అవతలి మిలిటరీ ఫ్యాక్టరీ సైరన్ మోగకముందే దొంగ దొరికాడు. హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని తుమ్మచెట్ల చాటున కూర్చున్నాడు. పరుగెత్తే ఓపిక ఉన్నట్టు లేదు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఎందుకు తీసినవ్‌రా?" తండా పెద్ద ఫూల్‌సింగ్ గదిమాడు.

అతను దగ్గుతూనే అన్నాడు. "మందు... మందమ్మా..."

అంతే! తండా ఆడవాళ్లు కొట్లాడి సారా బంద్ చేయించి ఇంకా నెల కాలేదు. ఆ మాట వింటే ఊరుకుంటారా?

"మందుకోసం ఇనుము అమ్ముకుంటవా? నీ పాడె గట్ట!" మొదటి దెబ్బ జమునాదే.

"అమ్మా, నీళ్లల్ల..." చేతులు జోడించాడు.

"ఓహో, నీళ్లల్ల కలుపుకొని తాగుతవా?"

అందరూ గొల్లుమన్నారు. అతన్ని పొలిమేర దాకా తరిమారు. ఫూల్‌సింగ్ హ్యాండిల్ బిగించాడు. మొదటి బిందె జమునాయే నింపుకుంది.

నెల తిరగకుండానే నీలాకు కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఎంత తట్టినా ఏడవలేదు.

మూడో రోజు కాలుష్య బోర్డు జీపు వచ్చింది. ఆఫీసరు సీసాల్లో నీళ్లు పట్టి పరీక్ష చేసి, హ్యాండిల్ ఊడదీయించాడు.

"ఈ నీళ్లు ముట్టకండి. బోరింగులోకి మందు దిగింది."

"ఏం మందు సారూ?" జమునా అడిగింది.

"బాంబుల మందు. ఫ్యాక్టరీ కడిగిన నీళ్లు భూమిలో ఇంకిపోయాయి."

జమునా చంకలోని బిందెను అక్కడే వంచేసింది. అయ్యో, తన చేత్తోనే కదా తాగించింది!

"ఎప్పుడు బాగైతది?" ఫూల్‌సింగ్ అడిగాడు.

"మట్టంతా తవ్వి తీయాలి. ఏళ్లు పడుతుంది."

"గప్పటిదాంక ఏం తాగాలె?"

ఆఫీసరు సీసాలకు మూతలు బిగించాడు.

"మత్తయ్య చెప్పినప్పుడే వినాల్సింది," అన్నాడు. "ఏడాదిపాటు మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. మీ తండాకు కూడా వస్తానన్నాడే. రాలేదా? పచ్చకామెర్ల మనిషి."

ఫూల్‌సింగ్ తుమ్మచెట్ల వైపు చూశాడు.

"ఇప్పుడు ఏడున్నడు సారూ?" జమునా అడిగింది.

"పోయిన వారం మిర్యాలగూడ దవాఖానాలో చనిపోయాడు."

"ఆయన ఎవరు సారూ?"

"ఫ్యాక్టరీ షెడ్డు కడిగేవాడు. 'పదేండ్లు ఆ నీళ్లు తండా దిక్కు ఇడిసింది నేనే, నన్ను జైల్ల ఎయ్యుండ్రి, బోరింగులు మాత్రం బంద్ చెయ్యుండ్రి' అని మాకు రాసిచ్చిన మనిషి."