వీధివైపు తిరిగిన కుర్చీ

అస్సుంతా తన కుర్చీని వీధివైపు తిప్పింది.

మేడమీద కిటికీలోంచి అది చూసి ఆమె మొగుడు సవేరియో గతుక్కుమన్నాడు.

దక్షిణ ఇటలీలోని ఆ ఊళ్ళో సాయంత్రాలు ఆడవాళ్ళు గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని చిక్కుళ్ళు వలుస్తారు. మొహం ఇంటివైపు, వీపు వీధివైపు. అమ్మలూ అమ్మమ్మలూ అలాగే కూర్చున్నారు. పెళ్ళయిన నాటినుంచి అస్సుంతా కూడా అలాగే కూర్చుంది.

ఇవాళ తిప్పింది. ఎదురుగా ఎజీదియో ఉన్నాడు.

ఈస్టర్ వెళ్ళాక ఎదురింటి కింది గదిలో అద్దెకు దిగాడీ ఎజీదియో. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా. వెనకనుంచి పలకరిస్తే తిరిగి కూడా చూడడు. మాట ముద్దముద్దగా ఉంటుంది. ఉత్తరాది మనిషి, ఒళ్ళంతా పొగరు అని వీధివాళ్ళు తేల్చేశారు.

"అంత పొగరుబోతు నా పెళ్ళాంతోనే ఎందుకు నవ్వుతాడు?" అని పళ్ళు నూరాడు సవేరియో.

ఏం మాట్లాడుకుంటున్నారో వినపడితే కదా!

సవేరియో వయసులో ఉన్నన్నాళ్ళూ రాతి క్వారీలో పనిచేశాడు. ఇప్పుడు వయసు మీదపడేసరికి చెవులు వెళ్ళిపోతున్నాయి. చెవికి మెషిన్ పెట్టుకోమన్నాడు డాక్టరు.

"వినికిడి తగ్గితే మనిషి నలుగురిలోకి పోవడం మానేస్తాడు. ఆ వెనకే దిగులు, మతిమరుపు వచ్చే ప్రమాదం ఉందమ్మా. జాగ్రత్త" అని అస్సుంతాకు విడిగా చెప్పాడు.

మెషిన్ సొరుగులోనే ఉండిపోయింది. ఇంట్లో చెవుల మాట ఎత్తితే గిన్నెలు ఎగిరేవి. సవేరియో ముందు పేకాట మానేశాడు, తర్వాత చర్చి మానేశాడు. మొన్న పొయ్యిమీద పాలు పెట్టి మరిచిపోయాడు. అస్సుంతా ఏదైనా చెప్పబోతే "ఆఁ?" అంటాడు. రెండోసారి కూడా "ఆఁ?" అంటే ఆమె "ఏం లేదులే" అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది.

ఆ చెయ్యి ఊపడమే అతనికి కత్తిలా దిగేది.

వారమంతా ఇదే వరస. ఆ తర్వాత ఓ సాయంత్రం సవేరియో కూడా గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అస్సుంతా చూసి ఏదో అంది.

"ఆఁ?"

మళ్ళీ అంది.

"ఆఁ?"

ఆమె చెయ్యి ఊపి, కుర్చీ పట్టుకుని కిందికి దిగిపోయింది.

సవేరియో కిటికీ దగ్గరకు పరిగెత్తాడు.

ఎజీదియో పెదవులు మెల్లగా కదులుతున్నాయి. అస్సుంతా రెప్ప వేయకుండా ఆ పెదవుల వంకే చూస్తోంది. అంతలో ఎజీదియో ఒక వేలితో ఆమె గడ్డం పైకెత్తాడు. అస్సుంతా కొత్త పెళ్ళికూతురిలా నవ్వింది.

"నాతో ఇలా నవ్వి ఎన్నాళ్ళయింది?"

ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మిమ్మో మెట్లెక్కి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఒరేయ్! పైన కూచుని వేడుక చూస్తున్నావా? కింద నీ కొంప అంటుకుంటోందిరా!"

"వినపడిందిలే" అన్నాడు సవేరియో. చాడీలకు మాత్రం ఏ చెవుడూ అడ్డు రాదు.

గోడ పట్టుకుని మెట్లు దిగాడు. వస్తూనే ఎజీదియో కుర్చీని కాలితో తన్నాడు.

"కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో పరాయివాడి పెళ్ళాం కావలసి వచ్చిందా? సిగ్గులేని కుక్కా! తెల్లారేసరికి నువ్వీ వీధిలో కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతా!"

ఎజీదియో లేచి నిలబడ్డాడు. సవేరియో తిట్టినంతసేపూ కళ్ళు పక్కకు తిప్పకుండా అతని మొహంలోకే చూశాడు. ఆఖర్న ఒకే ఒక్క మాట అన్నాడు. అది సవేరియోకు చేరలేదు.

వెనకనుంచి అస్సుంతా మొగుడి చొక్కా పట్టి లాగుతూ ఏదో అరుస్తోంది. అదీ చేరలేదు.

చేరింది వెనకే దిగి వచ్చిన మిమ్మోకు. అతను తల వంచుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి ఎదురింటి గదికి తాళం వేసి ఉంది.

గెలిచానన్న సంబరం సవేరియోకు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అస్సుంతా ఇప్పుడు చెయ్యి కూడా ఊపడం లేదు.

ఆదివారం భోజనాల దగ్గర ఆమె లేచి టీవీ కట్టేసింది. అతని కుర్చీకి ఎదురుగా తన కుర్చీ లాక్కుని, కిటికీ వెలుగు మొహాన పడేలా కూర్చుంది. గడ్డం కాస్త పైకెత్తింది. అరవకుండా, మెల్లగా అడిగింది.

"సూపులో ఉప్పు సరిపోయిందా?"

సవేరియో చెంచా ఆగిపోయింది.

"సరిపోయింది" అన్నాడు. "ఇంకోటి అడుగు."

"మోకాలు ఎలా ఉంది?"

"కూర్చుంటే ఏం లేదు, మెట్లెక్కితేనే... ఒసే, నువ్వు చెప్పేది తెలుస్తోందే నాకు!"

అతని కళ్ళు తడిశాయి.

"ఎక్కడ నేర్చావే ఇది?"

అస్సుంతా కిటికీలోంచి ఎదురింటి తాళం వైపు చూపించింది.

"రోజూ ఇదే నేర్పేవాడయ్యా. గడ్డం ఎత్తమ్మా, వెలుగులో కూర్చోమ్మా, అరవకమ్మా అనేవాడు. నువ్వు మాట్లాడ్డం నేర్చుకో, తర్వాత మీ ఆయనకి మాటని చూడ్డం నేను నేర్పుతానన్నాడు. ఇవాళే నీ మొదటి పాఠం."

సవేరియో చెంచా పక్కన పెట్టి ఆ తాళం వంక చూశాడు.

"ఆ రోజు వెళ్తూ వెళ్తూ ఏమన్నాడు?"

"'మీరు చాలా స్పష్టంగా మాట్లాడతారు, నాకు ఒక్క మాట కూడా పోలేదు' అన్నాడు."

"ఎలా పోతుంది? వీధంతా వినపడేలా అరిచాను కదా!"

అస్సుంతా మళ్ళీ గడ్డం ఎత్తి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆయనకి రెండు చెవులూ పోయాయయ్యా, నీ తిట్లన్నీ నీ పెదాల మీదే చదువుకుని వెళ్ళాడు."