ఇంజిన్ మీద పేరు

"ఆపండి గురువుగారూ! అది మంచి చప్పుడు కాదు. ఇంజిన్ విప్పాల్సిందే," అని అరిచాడు నెజు.

బెంచీ మీద రేసు ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. షెడ్డు యజమాని హొరికవా దాన్ని ఆపేసి, నెజు వంక చిరాగ్గా చూశాడు.

"ఏం చప్పుడ్రా? పోయి చెవుల్లో గుబిలి తీసుకుని రా."

"కింద బేరింగు కొడుతోందండీ. సన్నగా, టకటకమని. రేసు మధ్యలో ఇంజిన్ పట్టేసిందంటే బండి గిర్రున తిరిగి గోడకే పోతుంది."

"విప్పితే వారం పడుతుంది. ఎల్లుండి ఫుజి ట్రాక్ మీద రేసు. ఇంకాసేపట్లో బండి యజమాని ఉత్సుమి గారు ఇంజిన్ కోసం వస్తున్నారు. ఆయనకేం చెప్పమంటావ్? మా నెజు గారికి కలొచ్చిందనా?"

నెజు పళ్ళు కొరికాడు. ఇంజిన్ తయారు చేసినవాడి పేరు రేకు మీద చెక్కించి దానికి బిగించడం ఆ షెడ్డు ఆచారం. పదిహేనేళ్ళుగా చాకిరీ నెజుది, రేకు మీద పేరు హొరికవాది. అడిగినప్పుడల్లా "తొందరేముందిరా" అంటాడు. సరే, పేరు ఎవరిదైతేనేం, చచ్చేది నడిపేవాళ్ళు. ఉత్సుమి రాగానే ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలనుకున్నాడు.

ఉత్సుమి కూతురు మినోరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్లుండి బండి నడిపేది ఆ పిల్లే. వస్తూనే ఇంజిన్‌ని పిల్లిని నిమిరినట్టు నిమిరింది.

"అయ్యా, ఒక్క మాట..." అంటూ నెజు ముందుకొచ్చాడు.

"ఉండరా, ముందు నా మాట కానీ." హొరికవా జేబులోంచి రేకు తీసి, రెండు చేతులతో నెజుకి అందించాడు. "ఉత్సుమి గారూ, ఈ ఇంజిన్ చేసింది నేను కాదు, ఇతను. ఇకమీదట మా షెడ్డుకి ఇతనే పెద్ద దిక్కు."

రేకు మీద ఉన్నది నెజు పేరు! వేళ్ళతో అక్షరాలు తడిమి తడిమి చూసుకున్నాడు.

మినోరి అతని ముందు మర్యాదగా నడుం వంచి నిలబడింది. "అయితే ఇది మీ ఇంజినన్నమాట! నమ్మి తొక్కెయ్యచ్చా నెజు గారూ?"

ఇప్పుడు నోరు తెరిస్తే ఆ రేకు మళ్ళీ జేబులోకి పోతుంది. మళ్ళీ ఎప్పటికి బయటికొస్తుందో! అయినా తన చెవులే పొరబడ్డాయేమో. అంతటి గురువుగారికి వినపడనిది తనకెలా వినపడుతుంది?

"నిక్షేపంగా తొక్కమ్మా," అన్నాడు.

రేకు తనే బిగించాడు. ఇంజిన్ వ్యానెక్కింది. ఫొటో తీసి భార్యకి పంపితే, "రాత్రికి అజుకి గింజలేసి ఎర్రన్నం వండుతున్నా, మనకివాళ పండగే" అని జవాబొచ్చింది.

వ్యాను మలుపు తిరిగేదాకా ఇద్దరూ వంగి నిలబడ్డారు. తర్వాత నెజు హొరికవా వైపు తిరిగి ఇంకా కిందికి వంగాడు.

"మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను గురువుగారూ! పొద్దున నేనే భ్రమపడ్డాను. మీ చెవికి అందని చప్పుడు నాకెక్కడ వినపడుతుంది?"

హొరికవా తాపీగా సిగరెట్టు వెలిగించాడు.

"నాకు నిన్ననే వినపడిందిరా. వినపడగానే వెళ్ళి నీ పేరు చెక్కించుకొచ్చాను."