ఖాళీగా ఉన్న ఫోల్డరు

ఇంట్లో కంప్యూటరులో ఎవరూ పెట్టని ఫోల్డర్లు పుట్టుకొస్తున్నాయి. ‘పులుసు’, ‘అలక’, ‘నవ్వు’. ఎన్నిసార్లు చెరిపేసినా తెల్లారేసరికి మళ్లీ ప్రత్యక్షం. విసుగెత్తిన వరహాలమ్మ, పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేసే పైడితల్లిని పిలిపించింది.

పైడితల్లి కాసేపు చూసి, తల ఎత్తకుండానే చెప్పింది. “వైరస్ కాదమ్మా. ఇప్పుడందరూ మనిషికి మారుమనిషిని కంప్యూటర్లో చేయించుకుంతన్నారు కదా, దానికి నేర్పే పాఠాలివి. అన్నీ మీ మాటలే, మీ తీరే. ఇంటాయన ఏలిముద్రతోనే మొదలయ్యింది.”

“నాను బతికే ఉన్నాను కదే!”

“బతికున్నోళ్ల దగ్గరే కదమ్మా అది నేర్చుకునేది.”

వరహాలమ్మ ‘పులుసు’ తెరిచింది. “బెల్లం ఎప్పుడేస్తావే?” అంటోంది భర్త గొంతు. ముప్ఫయ్యేళ్లలో ఏనాడూ వంటింటి గడప తొక్కని మనిషి, ఈ నెలంతా పీట వేసుకు కూర్చుని అడుగుతుంటే, ఇన్నాళ్లకు మొగుడి మనసు తనవైపు తిరిగిందని మురిసిపోయి, అడగనివి కూడా చెప్పింది.

అన్నిటికీ అడుగున ఒక్క ఫోల్డరు మాత్రం ఖాళీగా ఉంది. ‘నిజం తెలిసిన రోజు’ అని భర్త ముందే పేరు పెట్టి ఉంచాడు.

ఆ ఒక్కటైనా ఆ మారుమనిషికి దక్కకూడదని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తెర పైనున్న కెమెరా ఆమెనే చూస్తోంది; ఆ ఫోల్డరు నిండుతూనే ఉంది.